ఆకాశాన్ని చూచుటకు లైసెన్సు కావలెనా?

గత విద్యాసంవత్సరం చివర మా తరగతిలో ఒక చిన్న వాదన చెలరేగినది. 2024లో విడుదలైన 'ట్విస్టర్స్' అనే అమెరికా చలనచిత్రాన్ని చూచి వచ్చిన విద్యార్థులు కొందరు, సుడిగాలుల వెంట కార్లలో పరుగెత్తు మనుషులను గురించి ముచ్చటించుకొనుచున్నారు. అంతలో ఒక విద్యార్థి లేచి, "సార్, అటువంటి వారిని ప్రభుత్వం ఎందుకు ఆపదు? కనీసం లైసెన్సు అయినా పెట్టరాదా?" అని అడిగినాడు. వెంటనే వెనుక బల్ల నుండి ఒక విద్యార్థిని, "ఆకాశాన్ని చూచుటకు కూడా లైసెన్సేనా సార్?" అని ఎదురు ప్రశ్న వేసినది. తరగతి అంతా నవ్వినది. ఇంతలో గంట మ్రోగినది. కాని ఆ రెండు ప్రశ్నలు మాతోపాటు ఇంటికి వచ్చినవి.

మేము భాషాబోధకులమే కాని వాతావరణ శాస్త్రజ్ఞులము కాము. అయినను ఈ ప్రశ్నను గురించి చదివినకొలది ఇది నవ్వి విడువదగినది కాదని తెలిసినది. అమెరికాలోని మైదాన రాష్ట్రాలలో పత్రికలు, శాస్త్రజ్ఞులు, శాసనసభ్యులు ఏండ్ల తరబడి దీనిని చర్చించుచున్నారు. ఇందులో ప్రాణాల ప్రశ్న ఉన్నది, స్వేచ్ఛ ప్రశ్న ఉన్నది, విజ్ఞానం ఎవరి సొత్తు అను ప్రశ్న కూడా ఉన్నది. ఒక విషయాన్ని రెండు వైపులా తూచి, ఆ పిమ్మట ఒక నిర్ణయానికి వచ్చుట ఎట్లో నేర్చుకొనుటకు ఇది మన విద్యార్థులకు మంచి పాఠమని భావించి ఈ వ్యాసం వ్రాయుచున్నాము.

ముందుగా మాటల అర్థాలు

వాదనకు దిగుటకు ముందు మాటల అర్థాలు తేల్చుకొనవలెను. మన కళాశాలలో ఉర్దూ విభాగం వారికిని, తెలుగు విభాగం వారికిని ఉమ్మడి సొత్తయిన మాటలలో 'తుఫాను' ఒకటి. కాని మనం తుఫాను అనగానే తలచుకొనునది బంగాళాఖాతంలో పుట్టి, వందల కిలోమీటర్ల మేర విస్తరించి, తీరం చేరుటకు రోజులు పట్టు వాయుగుండాన్ని. అమెరికా మైదానాలలో జనం వెంటాడునది అది కాదు. అది ఉరుముల మేఘం కడుపులో నుండి నేలకు దిగు సుడిగాలి. దానిని వారు టోర్నడో అందురు. మన ఎండాకాలపు సుడిగాలికి, ఉర్దూలో బగూలా అనబడు దానికి, ఆకారంలో పోలిక కలదు. బలంలో మాత్రం పోలిక లేదు. అత్యంత తీవ్రమైన టోర్నడోలలో గాలివేగం గంటకు 300 కిలోమీటర్లు దాటును. సాధారణంగా దాని వెడల్పు కొన్ని వందల మీటర్లకు మించదు. దాని ఆయుర్దాయం కొన్ని నిమిషాలే. కాని ఆ నిమిషాలలో అది నడిచిన దారిలో ఇల్లు నిలువదు, చెట్టు నిలువదు.

మెక్సికో సింధుశాఖ నుండి వచ్చు తేమగాలి, పడమటి పీఠభూముల నుండి వచ్చు పొడిగాలి టెక్సాస్, ఓక్లహోమా, కాన్సాస్, నెబ్రాస్కా రాష్ట్రాల మీద కలిసికొనును. పైకి పోయినకొలది గాలి దిక్కును వేగమును మారుచుండుట వలన, పైకెగయు మేఘం బొంగరం వలె తిరుగసాగును. ఆ దేశంలో ఏటా సుమారు 1,200 టోర్నడోలు నమోదగుచున్నవి. వాటికి ముఖ్యమైన కాలం ఏప్రిల్ నుండి జూన్ వరకు. ఆ కాలంలో కెమెరాలతోను, యంత్రపరికరాలతోను అటువంటి మేఘాలను వెదకి, వాని దగ్గరకు కార్లలో పోవువారిని 'స్టార్మ్ చేజర్లు' అందురు. తెలుగులో తుఫాను వేటగాళ్లని అనవచ్చును. అయితే ఈ వేటగాడు జంతువును చంపు వేటగాని వంటివాడు కాడు. ప్రమాదం ఇక్కడ వేటగానికే.

ఈ వేట ఎట్లు మొదలైనది?

1956లో నార్త్ డకోటాలో డేవిడ్ హోడ్లీ అను యువకుడు తుఫానుల వెంట తిరుగుట ప్రారంభించినాడు. అతడు వృత్తిచేత వాతావరణ శాస్త్రజ్ఞుడు కాడు. 1977లో తన వంటి వారికొరకు 'స్టార్మ్ ట్రాక్' అను చిన్న పత్రికను కూడా స్థాపించినాడు. 1961లో ఓక్లహోమాలో నీల్ వార్డ్ అను పరిశోధకుడు రోడ్డు మీద నుండి తుఫానును అనుసరించి శాస్త్రీయమైన వేటకు దారి చూపినాడు. 1964లో ఓక్లహోమాలోని నార్మన్ పట్టణంలో జాతీయ తీవ్ర తుఫానుల ప్రయోగశాల ఏర్పడినది. 1972లో అక్కడి శాస్త్రజ్ఞులు, విద్యార్థులు కలిసి టోర్నడోలను దారిలోనే కలిసికొని పరిశీలించు పథకాన్ని ఆరంభించినారు.

మరుసటి సంవత్సరమే ఫలితం దక్కినది. 1973 మే 24న యూనియన్ సిటీ దగ్గర పుట్టిన టోర్నడోను రోడ్డు మీది బృందం పుట్టుక నుండి అంతం వరకు చిత్రించినది. అదే సమయంలో నార్మన్ లోని డాప్లర్ రాడార్ మేఘం లోపలి భ్రమణాన్ని నమోదు చేసినది. కంటితో చూచినదానిని, యంత్రం పట్టినదానిని ప్రక్కప్రక్కన పెట్టి చూడగా, టోర్నడో నేల తాకుటకు ముందే మేఘంలో దాని గుర్తు కనబడునని తేలినది. 1990 దశకంలో ఆ దేశమంతటా నెలకొల్పబడిన డాప్లర్ రాడార్ల వెనుక ఇటువంటి పరిశీలనల బలం కలదు. రాడార్ చెప్పునది నిజమని సాక్ష్యమిచ్చినది రోడ్డు మీద నిలిచిన మనిషి కన్నే అని దీని భావం.

రాడార్లు వచ్చిన పిమ్మట ఆ కన్నుతో పని తీరినదా? తీరలేదు. భూమి గుండ్రని తనం వలన రాడార్ కిరణం దూరం పోయినకొలది నేలకు పైపైకి పోవును. దూరాన ఉన్న మేఘపు నడుమును అది చూడగలదు, పాదాన్ని చూడలేదు. మేఘం తిరుగుచున్నదని రాడార్ చెప్పగలదు. సుడి నేల తాకినదా లేదా అనునది అక్కడ ఉన్న మనిషి చెప్పవలెను. అందుకే అమెరికా జాతీయ వాతావరణ సేవా సంస్థ 'స్కైవార్న్' అను పేరుతో మూడు లక్షలకు మించిన స్వచ్ఛంద పరిశీలకులకు శిక్షణ ఇచ్చినది. వారిలో రైతులు, ఉపాధ్యాయులు, అగ్నిమాపక దళం వారు, గృహిణులు, విద్యార్థులు ఉన్నారు.

పది నిమిషాల విలువ

అక్కడ టోర్నడో హెచ్చరికకు, టోర్నడో రాకకు మధ్య ప్రజలకు దొరకు వ్యవధి సగటున పది నిమిషాలకు అటు ఇటుగా ఉండును. పైగా హెచ్చరికలలో నూటికి డెబ్బది వరకు టోర్నడో రాకుండానే ముగియును. పలుమారులు ఉత్తుత్తి కూత విన్న జనం సైరన్ మ్రోగగానే కదలరు. 2011 మే 22న మిస్సోరి రాష్ట్రంలోని జోప్లిన్ పట్టణాన్ని కూల్చిన టోర్నడోలో 158 మంది మరణించినారు. మొదటి సైరన్ విన్నప్పుడు చాలమంది వెంటనే దాగుకొనక, నిజమా కాదా అని మరియొక ఆధారం కొరకు చూచినారని తరువాతి విచారణలో వెల్లడియైనది. ఆ రెండవ ఆధారం తరచుగా టెలివిజన్ తెరపై కనబడు చేజర్ చిత్రమే. "ఇదిగో, నేల తాకినది, ఫలానా రోడ్డు దాటుచున్నది" అను ఒక్క మాట పది సైరన్ల పని చేయును.

ఇది మనకు సంబంధం లేని సంగతి కాదు. టెక్సాస్ రాష్ట్రంలోని డాలస్ పరిసరాలలో వేలాది తెలుగు కుటుంబాలు నివసించుచున్నవి. 2015 డిసెంబరు 26 రాత్రి ఆ నగరపు శివార్లలోని గార్లండ్, రౌలెట్ ప్రాంతాలను టోర్నడో తాకినది. మా పూర్వ విద్యార్థి ఒకరు ఆ నగరానికి సమీపాననే నివసించుచున్నారు. వసంతకాలంలో ఫోను చేసినప్పుడెల్ల, "సార్, సైరన్ మ్రోగితే పిల్లలను తీసికొని కిటికీ లేని స్నానాలగదిలో కూర్చుందుము, ఫోనులో చేజర్ చూపు బొమ్మను చూచుచుందుము" అని చెప్పుచుందురు. ఎవరో ముక్కు మొగము ఎరుగని మనిషి రోడ్డు మీద నిలబడి చూపు ఆ బొమ్మ మీద మన బిడ్డల క్షేమం ఆధారపడి ఉన్నది. ఆ మనిషి అక్కడ ఉండవలెనా, వద్దా అన్నదే మన ప్రశ్న.

ఆంక్షలు కోరువారి వాదం

ఆంక్షలు కోరువారి మాటలలో బలం లేకపోలేదు. 1970 దశకంలో చేజర్లు వ్రేళ్లమీద లెక్కింపదగినవారు. 1996లో వచ్చిన 'ట్విస్టర్' చిత్రం, ఆ తరువాత టెలివిజన్ ధారావాహికలు, ఆపైన చేతిలోని ఫోనులోనే రాడార్ చిత్రం కనబడు సౌకర్యం, ఈ మూడును కలిసి వేట మార్గాన్ని సంతగా మార్చినవి. డబ్బు తీసికొని యాత్రికులను తుఫానుల దగ్గరకు కొనిపోవు సంస్థలు కూడా వెలసినవి. 2009, 2010 సంవత్సరాలలో 'వోర్టెక్స్ 2' అను మహాపరిశోధన జరిగినప్పుడు, ఔత్సాహికుల కార్ల బారుల వలన తమ పరికరాల వాహనాలు కదలలేకపోవుచున్నవని శాస్త్రజ్ఞులే ఫిర్యాదు చేసినారు. శాస్త్రజ్ఞునికి అడ్డు తగిలిన కారు రేపు అంబులెన్సుకు అడ్డు తగులదా అని ప్రశ్నించువారికి మనమేమి సమాధానం చెప్పగలము?

ప్రాణనష్టం కూడా జరిగినది. 2017 మార్చి 28న టెక్సాస్ లోని స్పర్ పట్టణ సమీపాన, ఒక టెలివిజన్ సంస్థ కొరకు పనిచేయుచున్న ఇద్దరు చేజర్ల వాహనం, ఆగవలసిన కూడలిలో ఆగక, మరొక కారును ఢీకొన్నది. ఆ ఇద్దరును, ఎదుటి కారులోని ఇరువది అయిదేండ్ల యువకుడును అక్కడికక్కడే మరణించినారు. ఆ యువకుడు కూడా తుఫాను చూడ వచ్చినవాడే. 2022 ఏప్రిల్ లో కాన్సాస్ లో తుఫానును చూచి తిరిగి వచ్చుచున్న ఓక్లహోమా విశ్వవిద్యాలయపు వాతావరణ శాస్త్ర విద్యార్థులు ముగ్గురు రహదారి ప్రమాదంలో అసువులు బాసినారు. మన విద్యార్థుల ఈడు వారే. ఆ వార్త చదివిన నాడు మేము తరగతిలో పాఠం చెప్పుచున్నను, మనసు పాఠం మీద నిలువలేదు.

ఇట్టి నేపథ్యంలో 2025లో ఓక్లహోమా శాసనసభ ముందుకు ఒక బిల్లు వచ్చినది. టెలివిజన్ కేంద్రాలకు, విశ్వవిద్యాలయాలకు చెందిన చేజర్లకు లైసెన్సు ఇచ్చి, వారి వాహనాలకు ప్రత్యేక దీపాలను, తుఫాను సమయంలో కొన్ని రోడ్డు నియమాల నుండి మినహాయింపును కల్పించుట దాని సారాంశం. ఔత్సాహికులను నిషేధించుట తమ ఉద్దేశం కాదని ప్రతిపాదించినవారు చెప్పినారు.

ఎదుటివారి వాదం

లైసెన్సు వద్దనువారు మూడు ప్రశ్నలు వేయుదురు.

మొదటిది: చేజర్ ఎవరు? 2013 మే 20న ఓక్లహోమాలోని మూర్ పట్టణంలో టోర్నడో 24 మందిని బలిగొన్నది. పదకొండు దినాల తరువాత ఎల్ రీనో దగ్గర మరొకటి లేచినదని వినగానే, మూర్ దుఃఖం మనసులో పచ్చిగా ఉన్న జనం వేలకొలది కార్లలో పారిపోజూచినారు. రోడ్లు స్తంభించినవి. ఆ గుంపులో చూడవచ్చినవాడెవడు, పారిపోవువాడెవడు, తల్లిని తీసికొని రాబోవు కొడుకెవడు? గాలివానలో నిలిచిన పోలీసు దీనిని ఎట్లు తేల్చగలడు? ఆ సమయంలో అతని పని లైసెన్సులు చూచుటా, మనుషులను కాపాడుటా?

రెండవది: లైసెన్సు ఎవరు ఇవ్వవలెను? తుఫానుకు రాష్ట్రాల సరిహద్దులు లేవు. మధ్యాహ్నం టెక్సాస్ లో పుట్టిన మేఘం సాయంత్రానికి ఓక్లహోమాలో ఉండును. ఒక రాష్ట్రపు పత్రం వేరొక రాష్ట్రంలో చెల్లునా? పైగా బహిరంగ మార్గంలో పోవుట, కంటికి కనబడినదానిని చిత్రించి లోకానికి చెప్పుట ఆ దేశపు పౌరులు తమ రాజ్యాంగం ఇచ్చిన స్వేచ్ఛలుగా భావింతురు.

మూడవది: ఏ యోగ్యతను బట్టి ఇవ్వవలెను? ఇక్కడ టిమ్ సమారాస్ జీవితం మనకు గొప్ప పాఠం. ఆయనకు విశ్వవిద్యాలయ పట్టా లేదు. స్వయంకృషితో ఇంజనీరు అయినాడు. 2003 జూన్ 24న సౌత్ డకోటాలోని మాంచెస్టర్ అను ఊరి దగ్గర, తాను తయారు చేసిన పరికరాన్ని టోర్నడో దారిలో ఉంచి, గాలి పీడనం 100 మిల్లీబార్ల మేర పడిపోవుటను నమోదు చేసినాడు. పట్టభద్రులు చేయలేని పని అది. పట్టాను బట్టి లైసెన్సు ఇచ్చినచో ఆయనకు దక్కెడిది కాదు. హోడ్లీకి అసలే దక్కెడిది కాదు.

కాని ఆ సమారాస్ యే 2013 మే 31న ఎల్ రీనో టోర్నడోలో తన కుమారుడు పాల్ తోను, సహచరుడు కార్ల్ యంగ్ తోను కలిసి మరణించినాడు. ఆయన మిక్కిలి జాగరూకుడని తోటివారందరును ఎరిగినదే. ఆనాటి టోర్నడో స్వల్పకాలంలో 4.2 కిలోమీటర్ల వెడల్పుకు పెరిగి, అనుకోని దిక్కుకు మళ్లినది. అంత వెడల్పైనది అంతకు ముందు నమోదు కాలేదు. ఏ పరీక్షలోనైనను మొదటి శ్రేణిలో ఉత్తీర్ణుడు కాగల మనిషిని ఏ లైసెన్సు కాపాడియుండెడిది?

మా అభిప్రాయం

రెండు వాదాలను విన్న తరువాత మాకు తోచినదేమనగా, ఇరుపక్షాల వారును 'లైసెన్సు' అను ఒకే మాటను వేరువేరు అర్థాలలో వాడుచున్నారు. కారు నడుపువానికిచ్చు లైసెన్సు ఒక బాధ్యత: నియమాలు నేర్చితివి, వానికి కట్టుబడి ఉండవలెనని దాని అర్థం. అంబులెన్సుకిచ్చు సైరన్ ఒక అధికారం: ఇతరులకు లేని దారి నీకు కలదని దాని అర్థం. మా తరగతిలోని విద్యార్థి కోరినది మొదటిది. ఓక్లహోమా ప్రతిపాదనలో ముఖ్యంగా కనబడునది రెండవది. ఈ భేదం గుర్తింపనంతవరకు వాదన గానుగెద్దు వలె తిరిగినచోటనే తిరుగును.

జరిగిన మరణాలను ఈ దృష్టితో చూడుడు. స్పర్ దగ్గర ముగ్గురిని చంపినది టోర్నడో కాదు, ఆగవలసినచోట ఆగకపోవుట. ఆ నియమం అప్పటికే చట్టంలో ఉన్నది. దానిని అతిక్రమించినవారు ఔత్సాహికులు కారు, వృత్తిలో ఉన్నవారే. అటువంటప్పుడు వృత్తిలో ఉన్నవారికి రోడ్డు నియమాల నుండి మినహాయింపు ఇచ్చుట మందుకు బదులు రోగాన్ని పెంచుట కాదా? అంబులెన్సు నడుపువానికి కాపాడవలసిన ప్రాణం వాహనంలోనే ఉండును. చేజర్ తొందరలో కొంత సేవ, కొంత పోటీ కలగలిసి ఉండును. పోటీకి సైరన్ ఇవ్వరాదు.

కావున మా అభిప్రాయం ఇది: చట్టం మనిషి చూపును కాక నడవడిని నియంత్రించవలెను. అతివేగం, రోడ్డు నడుమ బండి నిలుపుట, అత్యవసర వాహనాలకు అడ్డు తగులుట, వీనికి ఉన్న శిక్షలను తుఫాను దినాన గట్టిగా అమలు జరుపవలెను. డబ్బు తీసికొని యాత్రికులను కొనిపోవు సంస్థలకు మాత్రం లైసెన్సు తప్పక ఉండవలెను. ఇతరుల ప్రాణాలను తన చక్రాల మీద ఎక్కించుకొనువాడు బస్సు యజమాని వలెనే జవాబుదారి. టెలివిజన్ సంస్థలు తమ చేజర్ల నడవడికి తామే బాధ్యత వహించవలెను. అబద్ధపు హెచ్చరికలు పుట్టించువారిని శిక్షించవలెను. మన దేశంలో 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టపు 54వ విభాగం అటువంటి వారికి ఒక సంవత్సరం వరకు జైలు లేదా జరిమానా విధించుచున్నది. ఇక శిక్షణ స్కైవార్న్ వలె అందరికి అందుబాటులో ఉండవలెను. తలుపు మూసి కాపలా పెట్టుట కంటె, తలుపు తెరచి పాఠం చెప్పుట మేలు. బోధకులము గనుక మాకు ఈ మార్గమే రుచించుట సహజమని ఎవరైనను అన్నచో, ఆ నిందను సంతోషంతో స్వీకరింతుము.

ఈ అభిప్రాయానికి ఎదురు లేకపోలేదు. ఒకనాడు కార్ల బారులో చిక్కిన అంబులెన్సులో ఒక పసిబిడ్డ ప్రాణం పోయినచో, ఈ వ్యాసం చదివి మాకే సిగ్గు కలుగవచ్చును. ఆ భయాన్ని దాచుకొనక చెప్పుచున్నాము. అందుచేతనే నడవడి నియమాలను అమలు జరుపుట మాటలతో సరిపోరాదని మా పట్టుదల.

విద్యార్థులారా! మనకు అటువంటి టోర్నడోలు అరుదు. కాని వానాకాలంలో వాగు పొంగినదనగానే వంతెన మీదికి పరుగెత్తువారు, సముద్రం అలజడిగా ఉన్నదనగానే ఫోను పట్టుకొని ఒడ్డుకు చేరువారు మనలోను ఉన్నారు. మిమ్ములను ఆపుటకు ఏ లైసెన్సు లేదు. కావున కదలుటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొనుడు: నేను నిలుచు చోటు కాపాడవచ్చువారి దారికి అడ్డమా? నేను చెప్పబోవునది నా కన్ను చూచినదేనా? వెనుకకు వచ్చు దారి నాకు తెలియునా? ఈ మూడింటికి సరియైన జవాబు లేనివాడు ఇంట ఉండుట మంచిది.

ఇక వెనుక బల్ల విద్యార్థినికి మా సమాధానం: అమ్మా, ఆకాశాన్ని చూచుటకు లైసెన్సు అక్కరలేదు. కాని చూచువాడు నిలబడునది ఆకాశంలో కాదు, పదిమంది నడచు దారి మీద. ఆ దారి మర్యాద మాత్రం అందరికిని ఒక్కటే.